సమస్యాపూరణం: తండ్రి గర్భముఁ దాల్చెను తల్లి మెచ్చ

నిర్వాహకుడు:
నిన్న సాయంత్రం బీచ్ రోడ్డులో కుర్సుర సబ్‌మెరైన్ దగ్గర నుంచి నడిచి వస్తుంటే తోచిన పాదం ఇది. ఇల్లు చేరేదాకా నోట్లో నానుతూనే ఉంది. ఇది చివరి పాదం, దీనికి ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి.

*తండ్రి గర్భముఁ దాల్చెను తల్లి మెచ్చ*

పురాణం, ప్రకృతి, భాష, ఏ దారిలోనైనా రండి. షరతు ఒకటే, నిజమైన సంగతి ఉండాలి. కలలో కన్నాననీ, పిచ్చివాడు పలికాడనీ పూరించేవి ఈసారి వద్దు.

గాజువాక మాస్టారు:
నా పూరణ.

*దప్పి తాళక యువనాశ్వ ధరణిపతియు*
*మంత్రజలమును ద్రావెను మాపువేళ*
*పుత్రు మాంధాతఁ గనుటకై భువిని వింత*
*తండ్రి గర్భముఁ దాల్చెను తల్లి మెచ్చ*

అరణ్యపర్వంలో కథ. బిడ్డ పుట్టాక పాలెవరిస్తారని అందరూ అనుకుంటుంటే ఇంద్రుడు తన చూపుడు వేలు నోట్లో పెట్టి 'మాం ధాస్యతి', అంటే నన్నే తాగుతాడు అన్నాడు. ఆ మాటలోంచే మాంధాత పేరు వచ్చింది. కథ ఎంత బాగుంటుందో ఆ పేరు వెనక మాటా అంత బాగుంటుంది.

భీమిలి బాబాయి:
మాస్టారూ, పాదం చూడగానే అందరికీ మొదట తోచేది యువనాశ్వుడే, అందుకే నేను అటు పోలేదు. అది పక్కన పెడదాం. 'కనుటకై' ఎలా అన్నారు? రాజు కొడుకు కోసం తాగలేదు, అర్ధరాత్రి గొంతెండిపోయి, కలశంలో ఉన్నవి మామూలు నీళ్ళనుకుని తాగాడు. మొదటి పాదంలో 'దప్పి తాళక' అని మీరే చెప్పి మూడో పాదంలో మీరే కొట్టేశారు. ఇక 'భువిని వింత' అన్నది గణాలు నింపడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

సీతమ్మధార అక్కయ్య:
నాకు అంతకంటే పెద్ద అభ్యంతరం ఉంది. ఆ నీళ్ళు రాణి కోసం మంత్రించి పెట్టినవి. తను మోయాల్సిన బిడ్డను భర్త మోస్తే ఆవిడ ఎందుకు మెచ్చింది? ఈ పాదంలో కష్టమంతా ఆ చివరి రెండు మాటల్లోనే ఉంది. తండ్రి గర్భాన్ని ఎవరైనా తెస్తారు, తల్లి మెప్పును ఎవరు తెస్తారా అని చూస్తున్నాను.

గాజువాక మాస్టారు:
'కనుటకై' విషయంలో బాబాయి చెప్పింది ఒప్పుకుంటున్నాను, మారుస్తాను. రాణి మెచ్చిందో లేదో వ్యాసుడు చెప్పలేదు, కాబట్టి మెచ్చిందనుకునే స్వేచ్ఛ నాకుంది.

కంచరపాలెం తమ్ముడు:
గురువులందరికీ నమస్కారం. మన సింహాద్రి అప్పన్నను తలచుకుని రాశాను.

*ఏండ్లు పదియయ్యెఁ బెండిలి యైన పిదప*
*మ్రొక్కె సింహాద్రి యప్పన్న మోముఁ జూచి*
*శుభము పల్కెను వైద్యుఁడు చూచినంత*
*తండ్రి, గర్భముఁ దాల్చెను తల్లి, మెచ్చ*

భీమిలి బాబాయి:
రెండు కామాలు పెట్టి గట్టెక్కేశావు తమ్ముడూ. తండ్రి మెచ్చాడు, తల్లి గర్భం దాల్చింది, అంతేగా! అన్వయం తప్పేమీ కాదు, పెద్దలు చేసిన పనే. కాని ఆ పని చేసినప్పుడు మిగతా మూడు పాదాలు గుండెను పట్టుకోవాలి. రెండో పాదం పట్టుకుంది, అది నాకు నచ్చింది.

గాజువాక మాస్టారు:
మొదటి పాదం చూడు నాయనా. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావలసిన జోడీ అక్షరం, కుదరలేదు. 'ఏ'కి 'యై' వేశావు. ఐకారం అ, ఆలతో పోతుంది గాని ఏకారంతో కూడదు. 'ఏండ్లు పదియయ్యెఁ బెండిలి యింట జరిగి' అని మార్చు, సరిపోతుంది. ఇంకో మాట, 'మోముఁ జూచి' అన్నావు. అప్పన్న మోము ఏడాదిలో ఒక్కరోజే కదా కనిపించేది, అక్షయ తృతీయ నాడు, చందనం ఒలిచాక. మిగతా రోజుల్లో చందనం కింద ఆ వరాహ నరసింహ రూపం కానరాదు, చూసేవాళ్ళకు లింగంలా అనిపిస్తుంది.

కంచరపాలెం తమ్ముడు:
యతి దిద్దుకున్నాను మాస్టారూ. మోము సంగతి మాత్రం తెలిసే రాశాను. మా అమ్మానాన్నలు చందనోత్సవం నాడే క్యూలో నిలబడి మొక్కుకున్నారు. ఆ పద్యంలో ఉన్నది మా ఇంటి కథ, పుట్టింది నేను.

సీతమ్మధార అక్కయ్య:
ఆ సంగతి ముందే చెప్పాల్సింది నాన్నా. ఇప్పుడు ఆ రెండు కామాలూ నాకు అడ్డంగా కనిపించడం లేదు.

భీమిలి బాబాయి:
ఇక నాది చూడండి. మాస్టారు పురాణంలో వెతికింది సముద్రంలో రోజూ జరుగుతూనే ఉంది.

*నీటిగుర్రపు జాతిలో నింతి తాను*
*మగని సంచిలో గ్రుడ్లిడి మరలిపోవు*
*వేకువను వచ్చి నృత్యమ్ము వేడ్కఁ జేయు*
*తండ్రి గర్భముఁ దాల్చెను తల్లి మెచ్చ*

అక్కయ్య అడిగిన తల్లి మెప్పు మూడో పాదంలో ఉంది. సీహార్స్ అనే ఈ చేపలో ఆడది గుడ్లు మగదాని పొట్ట మీది సంచిలో పెట్టి వెళ్ళిపోతుంది, కాని వదిలెయ్యదు. మగడు మోస్తున్నన్నాళ్ళూ పొద్దున్నే వచ్చి పలకరిస్తుంది. ఇద్దరూ రంగు తేలి, తోకలు పెనవేసుకుని, కాసేపు కలిసి తిరిగి, మళ్ళీ ఎవరి చోటికి వాళ్ళు పోతారు. ఇది నేను కల్పించింది కాదు, నీళ్ళలో దిగి చూసినవాళ్ళు రాసినది.

సీతమ్మధార అక్కయ్య:
భావం బంగారం. కాని బాబాయ్, నీటిగుర్రం అంటే హిప్పోపొటమస్! చిన్నప్పుడు జూపార్కులో బోర్డు మీద చదివిన మాటే అది. టన్నున్నర బరువుండే జంతువు మగడి పొట్టకు సంచి కుట్టారు మీరు. మాస్టారి 'కనుటకై'ని పట్టుకున్న మీరు మొదటి మాటలోనే జంతువును మార్చేశారు.

భీమిలి బాబాయి:
సముద్రంలో ఉన్నదీ నీరే కదమ్మా.

సీతమ్మధార అక్కయ్య:
నీరే, కాని మాట రూఢి అయిపోయింది. గ్రీకు వాళ్ళకు కూడా రెండిట్లోనూ గుర్రం ఉంది. హిప్పోపొటమస్ అంటే ఏటిగుర్రం, హిప్పోకాంపస్ అంటే గుర్రమూ సముద్రపు భూతమూ కలిసినది. వాళ్ళు కలిపెయ్యలేదు, మనమెందుకు కలపాలి? ఆ రెండో పేరే మన మెదడులో జ్ఞాపకాలను నిలిపే భాగానికి కూడా పెట్టారు, దాని వంపు ఈ చేపలా ఉంటుందని. ఇక నీటిగుర్రానికి అసలు గుర్రంతో చుట్టరికమే లేదు, ఇప్పుడు బతికున్న జీవుల్లో దానికి దగ్గరి బంధువులు తిమింగలాలు. మీ పాదానికి మందు నా దగ్గరుంది.

*కడలిగుర్రపు జాతిలోఁ గాంత తాను*

మిగతా మూడు పాదాల్లో అక్షరం కదపక్కర్లేదు.

భీమిలి బాబాయి:
తీసుకున్నాను. మీ చేతి పాదమైనా పద్యం నాదే.

గాజువాక మాస్టారు:
సంచిని గర్భం అనొచ్చా? కంగారూ సంచిని ఎవరూ గర్భం అనరు. బాబాయి పూరణ నిలబడేది ఆ ఒక్క మాట మీదే.

పెదవాల్తేరు డాక్టరమ్మ:
అనొచ్చు మాస్టారూ. కంగారూ పిల్ల తల్లి కడుపులోంచి పుట్టాకే సంచిలోకి పాకుతుంది. ఇక్కడ గుడ్డు ఫలదీకరణ జరిగేది తండ్రి సంచిలోనే. లోపలి పొర మందమై, రక్తనాళాలు గుడ్ల చుట్టూ అల్లుకుని ఆక్సిజన్ అందిస్తాయి. సంచిలోని నీటి ఉప్పదనం మెల్లగా సముద్రపు నీటితో సమానమవుతుంది, పిల్లలు బయటికి రాగానే ఉక్కిరిబిక్కిరి కాకుండా. గుడ్డులో పచ్చసొన తల్లిది, మోత తండ్రిది. రెండు మూడు వారాలు మోశాక నొప్పులు పడినట్టే మెలికలు తిరిగి కంటాడు, ఒక్క కాన్పులో వందల మంది, కొన్ని జాతుల్లో వెయ్యి దాటుతారు. వాళ్ళలో పెద్దవాళ్ళయ్యేది వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. ఇది గర్భం కాకపోతే నా వృత్తిలో నేను ఇన్నేళ్ళుగా చూస్తున్నదాన్ని ఏమనాలో మరి నాకు తెలియదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మన దేశంలో 2001 నుంచి వీటిని పట్టడం, అమ్మడం నేరం, వన్యప్రాణి చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూలులో చేర్చారు. ఎక్కడైనా ఎండబెట్టినవి మందుకనో బొమ్మకనో అమ్మజూపితే కొనకండి.

కంచరపాలెం తమ్ముడు:
చిలీ దేశంలో ఒక కప్ప ఉందని చదివాను, డార్విన్ పేరు పెట్టారట. మగకప్ప పిల్లల్ని గొంతు కింది సంచిలో పెంచి, కప్పలయ్యాక నోట్లోంచి బయటికి వదులుతుంది. దాంతో పూరిస్తే చెల్లుతుందా?

సీతమ్మధార అక్కయ్య:
తండ్రి సంగతి చెల్లుతుంది, తల్లిని ఎక్కడ నుంచి తెస్తావు? ఆవిడ ఆకుల్లో గుడ్లు పెట్టేసి పోతుంది. నా షరతు నాకూ వర్తిస్తుంది కాబట్టి నా పూరణ ఇదిగో. ఒక్క చంపకమాల లోపలే కందమూ గీతమూ ఇమిడి ఉండే కందగీత గర్భిత చంపకమాలలు చదివినవాళ్ళు వెంటనే పట్టుకుంటారు.

*కంద గీతముల్ తనయందుఁ గలుపుకొనిన*
*చంపకపు మాల పద్యమ్ము జనకుఁ డయ్యె*
*వాణి తల్లియౌఁ గద పద్యవంశమునకు*
*తండ్రి గర్భముఁ దాల్చెను తల్లి మెచ్చ*

భీమిలి బాబాయి:
అబ్బా, గర్భకవిత్వం! ఈ దారి నాకు తట్టనే లేదు, నిజంగా మెచ్చుకుంటున్నాను. ఇప్పుడు నా వంతు. చంపకమాల స్త్రీలింగం కదమ్మా, మాల జనకుడెలా అయింది? అంతకంటే పెద్ద చిక్కు, మీ లెక్కన వాణి ఆ పద్యానికి భార్య అవుతుంది. బ్రహ్మగారు ఊరుకుంటారా?

సీతమ్మధార అక్కయ్య:
లింగం గురించి సంస్కృతాన్నే అడగండి. భార్యకు పేరైన దార శబ్దం పుంలింగం, అదీ నిత్య బహువచనం, దారాః. భార్య ఒక్కతే అయినా బహువచనమే. అదే భార్యకు ఇంకో పేరైన కళత్రం నపుంసకం. భార్యే పుంలింగం కాగలిగిన చోట మాల తండ్రి కాకూడదా? మన తెలుగు మాత్రం తక్కువ తిన్నదా, 'ఆవిడ వచ్చింది', 'ఆవు వచ్చింది' అని ఇద్దరినీ ఒకే క్రియలో కూర్చోబెడతాం, అదే నలుగురు ఆడవాళ్ళు కలిసి వస్తే 'వచ్చారు' అని మగవాళ్ళ పక్కకు మారుస్తాం. తమిళంలో ఒక్క ఆడమనిషి వచ్చినా క్రియ వేరే ఉంటుంది. మనకు ఆ గౌరవం గుంపుగా వస్తేనే దక్కింది, ఇది నన్ను చిన్నప్పటి నుంచి బాధపెట్టే సంగతి.

వాణి విషయంలో మీరన్నది న్యాయమే. పద్యవంశానికి తల్లి అన్నాను గాని ఆ పద్యానికి భార్య అనలేదు. అయినా చదివేవాళ్ళకు ఆ అర్థం తోస్తే తప్పు రాసిన నాదే.

మధురవాడ లెక్కలాయన:
దారాః మాట బాగుంది. గర్భం అనొచ్చా అని మాస్టారు ఇందాక అడిగారు కాబట్టి ఒక పాత బాకీ అడుగుతాను. ఇదివరకు ఇచ్చిన 'ఏడు కన్నను పెద్దదై యెదిగె దినము' (ఏడు అంటే ఏడాది) అన్న పాదానికి ఆయన శుక్రగ్రహంతో పూరించి అందరి మెప్పూ పొందారు. 'తనదు చుట్టును తిరుగఁగఁ దడవు హెచ్చె' అని మూడో పాదం. తన చుట్టూ తాను తిరగడానికి 243 మన రోజులు, సూర్యుడి చుట్టూ 225, నిజమే. కాని దినం అంటే ఒక పొద్దుపొడుపు నుంచి ఇంకో పొద్దుపొడుపు. శుక్రుడు వెనక్కి తిరుగుతాడు కాబట్టి అక్కడ ఆ దినం 117 రోజులే. ఏడాదిలో దాదాపు రెండు దినాలు పడతాయి, ఏడాదే పెద్దది! సంచిని గర్భం అనొచ్చా అని అడిగినవారు భ్రమణాన్ని దినం అనొచ్చా అని ఆనాడు అడుగుకోలేదు.

గాజువాక మాస్టారు:
ఆ దినం అన్న మాట పాదంలో ఇచ్చింది నేను కాదు, నిర్వాహకుడు. నా మూడు పాదాల్లో 'తన చుట్టూ తిరగడం' అనే అన్నాను, ఒక్క అక్షరం అబద్ధం లేదు. అక్కడ సూర్యుడు పడమట పొడుస్తాడని మొదటి పాదంలో చెప్పాను కూడా, మీరు దాన్ని ఎత్తలేదు.

మధురవాడ లెక్కలాయన:
మొదటి పాదం బాగుంది, ఆనాడే చెప్పాల్సింది. ఇప్పుడు చెబుతున్నాను.

నిర్వాహకుడు:
శుక్రుడి పాదం తప్పు నాదే, ఇద్దరికీ బాకీ పడ్డాను. ఈ వారానికి బాబాయి పద్యం, అక్కయ్య దిద్దిన మొదటి పాదంతో. చమత్కారంలో అక్కయ్యదే పైచేయి, వాణి దగ్గర కాలు జారకపోతే అదే తీసుకునేవాణ్ణి. 'వేకువను వచ్చి' అన్న మాట చదివినప్పటి నుంచి నాకు తల్లి మెప్పు కళ్ళకు కడుతోంది. తమ్ముడూ, యతి దిద్దిన పద్యం మీ అమ్మానాన్నలకు చదివి వినిపించు.

వచ్చే వారం పాదం మన ఒడ్డు నుంచే. ఆర్కే బీచ్ మొదలు భీమిలి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వచ్చి గుడ్లు పెట్టి పోతాయి కదా, దాన్ని మనసులో పెట్టుకుని ఇస్తున్నాను. తాబేలు ఒక్కటే దారి అనుకోవద్దు.

*ఇసుక కాలినఁ బుట్టెద రింతులెల్ల*

భీమిలి బాబాయి:
గూడులో వేడి పెరిగితే ఆడపిల్లలు, తగ్గితే మగపిల్లలు. సంగతి మీరే చెప్పేస్తే పూరణకు ఏం మిగిలింది?

సీతమ్మధార అక్కయ్య:
'బుట్టెదరు' ఉంది కదా బాబాయ్. తాబేళ్ళు పుడతాయి గాని పుట్టెదరు అనం. వాళ్ళను ఇంతులను చెయ్యడమే మిగిలింది. రేపు పొద్దున్నకల్లా పెడతాను.