ఒకటో తరగతి పాపకి జర్మనీ బడి పొట్లం: చార్టుతో చేసేది ఎట్లా?

ప్రశ్న (బాలాజీ కాలనీ, తిరుపతి)
జూన్ 12న బడి. పాప ఒకటో తరగతిలో చేరుతుంది. జర్మనీలో బడి మొదటిరోజు పిల్లల చేతికిచ్చే పెద్ద శంకువు పొట్లం, షూల్‌ట్యూటె అంటారే, అది ఇంట్లోనే చేయాలనుకుంటున్నాం. 70 సెంటీమీటర్ల పొడవు అని చదివాం. చార్టుతో చుట్టి చూస్తే మొన వంగిపోయింది, నోరేమో బకెట్ అంత అయింది. తప్పెక్కడ? ఈ ఎండల్లో లోపల ఏం పెట్టచ్చు? పాపకి మూడేళ్ల తమ్ముడున్నాడు, వాడు ఊరుకోడు.

జవాబు 1
నోరు బకెట్ అంత అయిందంటే పావు వృత్తం కోసినట్టున్నారండీ. 70 వ్యాసార్ధంతో పావు వృత్తం చుడితే నోరు 35 సెం.మీ. వస్తుంది. మీకు కావాల్సింది 20.

కోణమానిని అక్కర్లేదు. చార్టు 22 బై 28 అంగుళాలు, అంటే దాదాపు 56 బై 71 సెం.మీ. పొడుగు అంచు మీవైపు ఉండేలా పరిచి, ఎడమచేతి కింది మూలలో దారం కొస అదిమి పట్టండి. 70 సెం.మీ. దగ్గర పెన్సిల్ కట్టి కింది అంచు నుంచి పైకి గీత తిప్పండి. ఆ గీత పై అంచుని ఎడమ మూల నుంచి సరిగ్గా 42 సెం.మీ. దగ్గర తాకుతుంది. ఆ చోటు నుంచి దారం పట్టిన మూలకి తిన్నగా గీసి కోసేయండి. వంపు అంచు 65 సెం.మీ. దాకా వస్తుంది, అతుకుకి 2 పోతే నోరు 20.

చుట్టేముందు చార్టుని బల్ల అంచు మీద రెండుమూడుసార్లు లాగండి, మడత పడకుండా వంపు తిరుగుతుంది. అతుకుకి ఫెవికాల్ వద్దు. తడికి చార్టు ఉబ్బి అలలు పడుతుంది, ఆరేదాకా పట్టుకోలేక చేతులు నొప్పి. రెండువైపులా అంటుకునే టేపు వేయండి. అతుకు పట్టీ నోటి దగ్గర 2 సెం.మీ., మొన వైపు సన్నబడాలి. మొన దగ్గర కూడా 2 ఉంచితే అక్కడ కాగితం దొంతరలై నలుగుతుంది. కొస ఒక సెం.మీ. ముందే కత్తిరించేయండి.

ఒక్క చార్టు బరువు ఆపదు. అట్లాగని రెండు చార్టులు పరిచి అంటించి చుట్టకండి, లోపలి పొర ముడతలు పడుతుంది. ఒకటి చుట్టాక దానిమీద రెండోది చుట్టండి, అతుకులు ఎదురెదురు వైపులకి రావాలి. మొనలో 12 సెం.మీ. దాకా న్యూస్‌పేపర్ ఉండలు కూరి, బయట గుడ్డ టేపు చుట్టండి. మీకు మొన వంగింది లోపల ఖాళీగా ఉండబట్టే.

జవాబు 2
నోటికి క్రేప్ పేపర్ కంటే నెట్ గుడ్డ మేలు అక్కా. చెమట చేతికి క్రేప్ రంగు దిగుతుంది, తెల్ల యూనిఫాం మీద పడితే పోదు. 70 పొడవు, 30 ఎత్తు గుడ్డ చాలు. నోటి లోపలి అంచుకి అంటించి పైన రిబ్బన్ కట్టేయండి.

నింపేటప్పుడు ఒక లెక్క: మొన నుంచి 35 సెం.మీ. పైన వెడల్పు 10 మాత్రమే. పెన్సిల్ బాక్సు అంతకు పైనే కూర్చుంటుంది. కింద రబ్బర్లు, షార్పనర్లు, క్రేయాన్లు. పలక పట్టదు, విడిగా చేతికివ్వండి. మొత్తం కిలో దాటితే ఆరేళ్ల బిడ్డ మోయలేదు, నేలమీద ఈడుస్తుంది, మొన అరిగిపోతుంది.

చాక్లెట్లు వద్దే వద్దు. జూన్ ఎండకి కరిగి కాగితానికి అంటుకుంటాయి, చీమలు సరేసరి. చెనక్కాయల చిక్కీ, మామిడి తాండ్ర, బొరుగుల ఉండలు పెట్టండి. చిక్కీ కూడా గాలి తగిలితే జిగటవుతుంది, ఒక్కొక్కటీ విడిగా చుట్టాలి. ఉండలు అడుగున వేస్తే పొడైపోతాయి, అన్నిటికంటే పైన ఉండాలి.

ప్రశ్న అడిగినవారు
పావు వృత్తమే కోశాను! చిన్నోడికి కూడా 70 చేయాలా?

జవాబు 3
వద్దండీ. అక్కడ కూడా తోబుట్టువులకి చిన్నది ఇస్తారు, దానికి వేరే పేరే ఉంది: గెష్విస్టర్‌ట్యూటె. దారం 35 సెం.మీ. పట్టి పైన చెప్పిన కొలతలన్నీ సగం చేయండి, నోరు 10 వస్తుంది. ఒక్క చార్టు చాలు. గోళీలు, బటన్ సెల్ ఉన్న బొమ్మలు మాత్రం ఆ వయసుకి పెట్టకండి.

పెద్దదానికి ఆరు పలకల ఆకారం కూడా బాగుంటుంది. పాత తూర్పు జర్మనీ వైపు పొట్లం అట్లాగే ఉంటుంది, పొడవు 85. చుట్టేముందు వంపు అంచుని 10.5 సెం.మీ. చొప్పున ఆరు భాగాలు చేసి, ఒక్కో గుర్తు నుంచి మొనకి రీఫిల్ అయిపోయిన పెన్నుతో గట్టిగా గీయండి. ఆ గీతల దగ్గరే మడత పడుతుంది.

జవాబు 4
ఇది సాక్సనీ, తురింగియా వైపు పుట్టిన ఆచారం. యేనా ఊళ్లో 1817 నాటికే ఉంది. అక్కడ దీన్ని చక్కెర పొట్లం అనే అర్థంలో త్సుకర్‌ట్యూటె అంటారు. బడిలో ఒక చెట్టుందని, దానికి పొట్లాలు కాసి పండితే బిడ్డకి బడి ఈడు వచ్చినట్టని పిల్లలకి చెప్పేవాళ్లు. మనకి అక్షరాభ్యాసం రోజు పప్పు బెల్లాలు, పలకలు, బలపాలు పంచే అలవాటు ఉందిగదా, తీపితో చదువు మొదలుపెట్టడం కొత్తేం కాదు. తేడా ఏమంటే మనం పదిమందికి పంచుతాం, వాళ్లు బిడ్డ చేతికే ఇస్తారు.

అందుకే తరగతిలోకి పంపకండి. పక్క పిల్లలు అడుగుతారు, టీచర్‌కి తలనొప్పి. గేటు దగ్గర ఫొటో తీసి పొట్లం ఇంటికి తెచ్చేయండి. అక్కడా విప్పేది మామూలుగా బడి కార్యక్రమం అయ్యాకే. స్కూటర్ మీద తెచ్చేటప్పుడు మాత్రం కాళ్ల దగ్గర నిలబెట్టకండి, మోకాలు తగిలి నోరు నలుగుతుంది. వెనక కూర్చున్నవాళ్లు ఒళ్లో పడుకోబెట్టుకోవాలి, రిబ్బన్ ముడి గట్టిగా ఉందో లేదో చూసుకుని.