1/24 క్రాలర్‌కు ఇత్తడి రింగులు కావాల్నా? బ్యాటరీ ముందుకు జరిపితే సరిపోదా?

బండమీదబండి (నల్లగొండ):
బండి ఆక్సియల్ ఎస్‌సీఎక్స్24, గుండ్లెక్కే చిన్న రిమోట్ బండి (క్రాలర్), అసలు బండిల 24వ వంతు. సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటరు) ఒక్కటే మెటల్ గేర్‌ది మార్చిన, మిగతాదంత వచ్చినట్టే ఉంది. లతీఫ్ సాబ్ గుట్ట కింద గుండ్ల మీద నిలువు మెట్టు వచ్చిన కాడ ముందు చక్రాలు లేచి వెనక్కి పల్టీ కొడ్తంది. తూకం చూసిన: ముందు 175 గ్రాములు, వెనక 165. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల నడుమ దూరం) 134 మి.మీ. పలక మీద పెట్టి, వెనక టైర్ల ఎనక సన్న పట్టీ అడ్డం పెట్టి లేపితే 57 డిగ్రీల కాడ పడ్డది. ముందు చక్రాల లోపల బరువుకు ఇత్తడి రింగులు వెయ్యమని ఒకరు, అసలే వద్దని ఒకరు. ఏం చెయ్యాలె?

ఇత్తడి_దేవరకొండ:
రింగులే వెయ్యి తమ్మీ. ముందు రెండు చక్రాలకే, ఒక్కోదానికి 12 గ్రాముల దాకా. వెనక ఒక్క గ్రాము కూడ వద్దు. ఎందుకంటే ఆ బరువు యాక్సిల్ ఎత్తులనే ఉంటది, అంటే నేల నుంచి 27 మి.మీ. స్ప్రింగుల మీద పడదు కాబట్టి బండి పక్కకు వాలినప్పుడు బాడీని గుంజదు. అదే బరువు చాసిస్ మీద వేస్తే స్ప్రింగులు కుంగి, వాలిన దిక్కుకే ఇంకింత వాలుతది.

ఆన్‌లైన్ సెట్టు కొనాల్సిన పని లేదు. మోటర్ పంపుల బుష్‌లు తిప్పే లేత్ షాపుకు పో. బయటి వ్యాసం 20, లోపలిది 14, మందం 8 మి.మీ. చెప్పు. ఇత్తడి ఘన సెంటీమీటరుకు 8.5 గ్రాములు కాబట్టి ఒక్కోటి సుమారు 11 గ్రాములు వస్తది. మందం జరంత పెంచితే 12. కానీ మొదలు నీ చక్రం లోపలి కొలత, స్టీరింగ్ నకుల్ (చక్రాన్ని పట్టుకొని పక్కకు తిప్పే ముక్క) ఎక్కడిదాక వస్తదో చూసుకో. నకుల్‌కు రింగు రాసుకుంటే చక్రం బిగిసిపోతది.

లెక్కలపంతులు_పాలమూరు:
ఇత్తడన్నా, లెక్క చేసి మాట్లాడుదాం. 57 డిగ్రీలకు పడ్డదంటే బరువు కేంద్రం ఎత్తు సుమారు 45 మి.మీ. 350 ఎంఏహెచ్ టూ-ఎస్ (రెండు సెల్లుల) బ్యాటరీ 22 గ్రాములు ఉంటది అనుకుందాం. అదే ఎత్తులో 60 మి.మీ. ముందుకు జరిపితే 22×60÷134, దాదాపు 10 గ్రాములు వెనక నుంచి ముందుకు పోతయి. 185, 155. అంటే ముందు 54.4 శాతం. పడే కోణం 58.3.

రెండు రింగులు వేస్తే 199, 165. ముందు 54.7 శాతం. కేంద్రం 43.8 మి.మీ.కు దిగుతది. కోణం 59.1.

తేడా ముప్పావు డిగ్రీ చిల్లర. దానికోసం 24 గ్రాముల బరువు, లేత్ షాపు చుట్టూ తిరుగుడు.

ఇత్తడి_దేవరకొండ:
పంతులు సార్, పలక మీది డిగ్రీలు గుట్ట మీద నడవయ్. రబ్బరు ఎంత మెత్తగ ఉన్నా, పొడి బండ మీద పట్టు 45 డిగ్రీల అటు ఇటు. పైన మొరం పొడి ఉంటే ఇంకా తక్కువ. భువనగిరి ఏకశిల లెక్క నున్నటి బండ మీద 58 దాక పోనే పోవు, ముందే జారుతవ్. కాబట్టి చూడాల్సింది పల్టీ కోణం కాదు, ఎక్కేటప్పుడు ముందు టైర్ల మీద ఎంత బరువు మిగులుతదనేది. 40 డిగ్రీల ఏటవాలుకు చెయ్యున్రి ఆ లెక్క.

లెక్కలపంతులు_పాలమూరు:
చేసిన. వచ్చినట్టే ఉన్న బండికి ముందు 61 గ్రాములు. బ్యాటరీ జరిపితే 68. మీ రింగులతో 76. కానీ మీ బండి మొత్తం 364 అయింది, ఆ 24 గ్రాములు కూడ మోటరే మొయ్యాలె కదా.

ఇత్తడి_దేవరకొండ:
76 అని మీరే ఒప్పుకున్నరు. అయిపాయె.

లెక్కలపంతులు_పాలమూరు:
ఏం అయిపోలె. 61ని 76 చెయ్యడానికి 24 గ్రాములు వేసిన్రు. నేను సున్నా వేసి 61ని 68 చేసిన.

లేత్_మిర్యాలగూడ:
ముందు షాక్‌లల్ల స్ప్రింగులు తీసెయ్. బండి ముందు భాగం దిగుతది. కేంద్రం కూడ కొంచెం దిగి కోణం జరంత పెరుగుతది. పైసా ఖర్చు లేదు.

ఇత్తడి_దేవరకొండ:
కోణం ముచ్చటే వద్దంటే మళ్ల కోణమేనా?

కొత్తబండి_వనపర్తి:
ఇత్తడన్న మాట విని నాలుగు చక్రాలకూ, యాక్సిల్ కవర్లకూ కలిపి 100 గ్రాముల సెట్టు ఆన్‌లైన్ల తెప్పించి వేసిన. ప్లాస్టిక్ డ్రైవ్ షాఫ్ట్ (మోటరు తిరుగుడును యాక్సిల్‌కు అందించే కడ్డీ) మెలిపడి తెగింది. సర్వో తిరుగుతనే బండి ఒక్క క్షణం చచ్చి లేస్తంది. అమ్మినాయన్ని అడిగితే జవాబు లేదు. దీనికి ఎవరు జిమ్మేదారు?

ఇత్తడి_దేవరకొండ:
నాలుగు చక్రాలకు వెయ్యమని నేనెక్కడ చెప్పిన? పైన చదువు, వెనక వద్దు అని రాసిన. రెండు గుండ్ల సందుల చక్రం ఇరికినప్పుడు థ్రాటిల్ ఒత్తి పట్టుకుంటే ఏ షాఫ్ట్ అయినా పోతది. ఇరికితే వదలాలె, రివర్స్ చెయ్యాలె. బరువు వేసే ముందు స్టీల్ షాఫ్టులు వేసుకోవాలె.

లెక్కలపంతులు_పాలమూరు:
చూసిన్రా, 24 గ్రాములకు మొదలై స్టీల్ షాఫ్టుల దాక వచ్చింది. కొత్తబండి తమ్మీ, నీ బండి చచ్చి లేచుడు వేరే కథ. వీటిల్ల రిసీవరు, స్పీడ్ కంట్రోలు ఒకటే డబ్బా. ముందు బరువు పెరిగి టైరు రాయికి ఆనుకున్నప్పుడు సర్వో తిరగలేక కరెంటు గుంజుతది, వోల్టేజీ పడిపోతది, రిసీవరు ఆగి మళ్ల మొదలైతది. రిమోట్ల స్టీరింగ్ రేటు తగ్గించు, చక్రాలు పూర్తిగ తిరిగే కాడికి ఒక వెంట్రుక ముందే సర్వో ఆగాలె. ఆగినంక కూడ సర్వో గుయ్యిమంటుంటే ఇంకా తగ్గియ్యాలె. సెల్లు 3.3 వోల్టుల కిందికి పోతే ఇది ఇంకా ఎక్కువైతది, అక్కడికి ఆపెయ్యి.

సాగర్‌కట్ట:
సోల్డర్ తీగ రిమ్ముకు చుట్టి మీద ఫోమ్ వేస్తే అయిపోతది. సీసం ఉన్న తీగ అయితే చేతులు కడుక్కోవాలె. మూడో తరగతి పిల్లలు కూడ చేస్తున్నరు, ఇంత కొట్లాట ఏంది.

లేత్_మిర్యాలగూడ:
సీసం పిల్లలతోని చేపియ్యకున్రి. చక్రం బ్యాలెన్సింగ్ బిళ్లలు టైర్ షాపుల దొరుకుతయ్, 5 గ్రాములవి, ఇనుపవి అడిగి తీసుకోన్రి.

కొత్తబండి_వనపర్తి:
సార్లూ, డిగ్రీలు మీరు తర్వాత తేల్చుకోన్రి. ఆదివారం పోటీల గేట్లు (బండి నడుమ నుంచి దాటాల్సిన జంట కర్రలు) పెట్టేది ఎవరు? ఇత్తడన్ననే. పోయిన రెండు సార్లు ఐదు గేట్లల్ల మూడు పక్కవాలు బండ మీదనే పెట్టిండు. కిందికి బరువున్న బండి దాటుతది, వచ్చినట్టే ఉన్న బండి దొర్లి గేటు కర్రకు తగులుతది. తగిలితే 10 పాయింట్ల జరిమానా, రివర్స్‌కు 1. ఎన్ని రివర్సులు తగ్గించుకుంటే ఆ 10 పూడుతయి? గందుకే 100 గ్రాములు వేసిన నేను. షోకుకు కాదు.

ఇత్తడి_దేవరకొండ:
గుట్టను నీ బండికి తగ్గట్టు చెక్కాల్నా? పక్కవాలు లేని గుండ్లు నల్లగొండల ఎక్కడున్నయ్? సిమెంటు మెట్ల మీద నడుపుకో.

లెక్కలపంతులు_పాలమూరు:
ఇగో, ఇది ఇప్పుడు బయటపడ్డది. నేను మొదటి నుంచి ఇత్తడి వద్దంటున్నది ఇందుకే. ఒకరు వేస్తే అందరూ వెయ్యాలె. ఇయ్యాల రింగులు, రేపు స్టీల్ షాఫ్టులు, ఎల్లుండి బ్రష్‌లెస్ మోటరు. పది మంది వచ్చే ఆట నలుగురిది అయితది. 350 గ్రాముల లోపలివి ఒక తరగతి, మీదివి ఇంకోటి పెట్టున్రి.

ఇత్తడి_దేవరకొండ:
బరువు పరిమితి పెడితే కోతలు మొదలైతయ్. ప్లాస్టిక్ బాడీ తీసి పల్చటి లెక్సాన్ బాడీ, లోపలి సీట్లు ఊడపీకుడు. పైబరువు తగ్గితే కేంద్రం ఇంకా దిగుతది, మిగిలిన గ్రాములల్ల మళ్ల ఇత్తడే వేస్తరు. మీ 350ల నేనే గెలుస్తా, అప్పుడేమంటరు?

లెక్కలపంతులు_పాలమూరు:
అయితే గేట్లు పెట్టినోడు ఆ రోజు నడపొద్దు. దానికి ఒప్పుకోన్రి, ఇత్తడి ఎంత కావాల్నంటే అంత వేసుకోన్రి.

ఇత్తడి_దేవరకొండ:
పొద్దుగాల ఆరింటికి గుట్ట ఎక్కి, గేట్లు పాతి, నడపకుంట కూసోవాల్నా? మీరు కూసోన్రి.

సాగర్‌కట్ట:
వంతులు పెట్టుకోన్రి.

లేత్_మిర్యాలగూడ:
ఎవరు పెట్టినా గేటు వెడల్పు బండి వెడల్పు మీద కనీసం 40 మి.మీ. ఎక్కువ ఉండాలె. పక్కవాలు మీద 60. కర్రల సందు టేపుతోని కొలవాలె, అడుగులతోని కాదు.

కొత్తబండి_వనపర్తి:
60 అంటే నాకు ఓకే.

ఇత్తడి_దేవరకొండ:
50.

బండమీదబండి (నల్లగొండ):
అందరికీ దండం. ఫస్టు బ్యాటరీ జరిపిన, ముందు 184 చూపిస్తంది. పల్టీ కొంచెం తగ్గింది. కానీ ఇప్పుడు బానెట్ కింద బ్యాటరీ తగిలి బాడీ కూసుంటలేదు. బలవంతంగ ఒత్తితే వైరు సర్వో చెయ్యిల ఇరుకుతంది.

లెక్కలపంతులు_పాలమూరు:
బ్యాటరీని అడ్డం తిప్పి సర్వో వెనకకు కట్టు, వైర్లు వెనక దిక్కు రావాలె. వెల్క్రో పట్టీ చాలు, జిప్ టై బిగిస్తే లైపో బ్యాటరీ నొక్కుకపోయి పాడైతది.

ఇత్తడి_దేవరకొండ:
లేకుంటే బ్యాటరీ పాత జాగలనే పెట్టి రింగులు వెయ్యి.