కాస్ట్ ఐరన్ పెనంలో కేక్: రెండుసార్లూ అంచులు మాడాయి, తప్పు నాదా పెనానిదా?

డాలస్_వంటిల్లు:
అందరికీ నమస్తే. పది అంగుళాల కాస్ట్ ఐరన్ (పోత ఇనుము) స్కిల్లెట్, అంటే పిడి ఉన్న పెనం, కొన్నాను, దోసెలు బాగా వస్తున్నాయి కదా అని అందులోనే మామూలు వెనిలా కేక్ పెట్టాను. ఓవెన్‌లో 180 డిగ్రీలు, 35 నిమిషాలు. రెండుసార్లూ అంచులు నల్లబడ్డాయి, మధ్యలో పుల్ల గుచ్చితే మాత్రం పచ్చి పిండి అంటుకుంది. దీంట్లో అసలు కేక్ చేయొచ్చా?

వాసు_రాజమండ్రి:
చేయకూడదండి. కాస్ట్ ఐరన్ సమానంగా వేడెక్కుతుందని అందరూ చెప్తారు, అది శుద్ధ తప్పు. అల్యూమినియంలో వేడి పాకే వేగంతో పోలిస్తే ఇనుములో నాలుగో వంతే. నమ్మకం లేకపోతే పెనం గ్యాస్ మీద పెట్టి మైదా పల్చగా చల్లి చూడండి. మంట తగిలే చోట గుండ్రంగా గోధుమ రంగు వచ్చి, అదే నల్లబడుతుంది, అంచు దగ్గర పిండి ఇంకా తెల్లగానే ఉంటుంది. నేను చేసి చూసే చెప్తున్నా.

గోదారి_కమల:
వాసు గారూ, ఆవిడ ఓవెన్ అన్నారు, మీరు గ్యాస్ మంట గురించి చెప్తున్నారు. ఓవెన్‌లో వేడి అన్ని వైపుల నుంచీ వస్తుంది, మీ మైదా వలయం అక్కడ రాదు. డాలస్ గారూ, నల్ల పెనం వేడిని ఎక్కువ లాక్కుంటుంది కాబట్టి 165కి తగ్గించండి. బయటికి తీశాక కూడా ఆ ఇనుము చాలాసేపు ఉడికిస్తూనే ఉంటుంది, అందుకని పుల్లకి ఒకటి రెండు తడి రేణువులు అంటుతుండగానే తీసేసి, పది నిమిషాలాగి పళ్ళెంలోకి బోర్లించేయండి. మా అమ్మమ్మ దిబ్బరొట్టె ఇనప మూకుట్లోనే వేసేది. నూనె కాగాక మినప్పిండి అంగుళంన్నర మందాన పోసి, మూత పెట్టి, మూత మీద నిప్పులు పోసేది. కింద సన్న సెగ, పైన నిప్పులు. అది ఓవెన్ కాకపోతే మరేంటి?

వాసు_రాజమండ్రి:
దిబ్బరొట్టెకి అడుగు ఎర్రగా కరకరలాడాలి కాబట్టి మూకుడు. కేక్‌కి ఎవరికి కావాలి ఆ కరకర? పైగా ఆ మూకుడు పోత ఇనుమేనా, రేకు ఇనుమా? రెండూ ఒకటి కాదు.

గోదారి_కమల:
పోత ఇనుమే. ఒకసారి అరుగు మీంచి పడితే అంచు పెచ్చు విరిగింది. రేకైతే సొట్ట పడుతుంది కానీ విరగదు.

టెక్సాస్_బాబాయ్:
పైనాపిల్ అప్‌సైడ్ డౌన్ కేక్ చేయమ్మా, స్కిల్లెట్ కేక్ అంటే అదే. వెన్న, బ్రౌన్ షుగర్ పెనంలోనే కరిగించి, చక్రాలు పరిచి, పైన పిండి పోసి ఓవెన్‌లో పెట్టడమే. 1925లో హవాయి పైనాపిల్ కంపెనీ వంటల పోటీ పెడితే ఈ ఒక్క కేక్ రెసిపీలే 2,500 వచ్చాయట. ఇక్కడి సదరన్ వాళ్ళ (అమెరికా దక్షిణాది వాళ్ళ) కార్న్‌బ్రెడ్, అంటే మొక్కజొన్న పిండి రొట్టె, కూడా అంతే, పెనం ముందు కాగాలి, పిండి పోయగానే చుయ్‌మనాలి. కేక్ మాత్రం రాత్రంతా పెనంలో వదలొద్దు, పైనాపిల్ పులుపుకి సీజనింగ్, అంటే నూనె కాగి పెనానికి పట్టిన నల్ల పూత, పోతుంది.

శాంతి_గుంటూరు:
ఏ వంటకి వాడిన పెనం అన్నది కూడా చూసుకోండి. మా వదిన చేపలు వేయించిన పెనంలో కేక్ పెట్టింది, పిల్లలు ముట్టలేదు.

వాసు_రాజమండ్రి:
చూశారా. కమల గారూ, సూటిగా చెప్పండి, సమానంగా వేడెక్కుతుందా లేదా?

గోదారి_కమల:
నేను ఆ మాట ఎక్కడన్నాను? పైకెళ్ళి చదవండి. అది మీరే తెచ్చి మీరే కొట్టేస్తున్నారు. ఇలా ఇనుము పనికిరాదు పనికిరాదు అని అందరూ అంటేనే మా అమ్మ ఆ మూకుడుని పాత ఇనుము వాడికి కేజీల లెక్కన వేసేసింది, నాన్‌స్టిక్ కొనుక్కుంది. రెండేళ్ళకి దాని పూత పెచ్చులూడిపోయింది. అమ్మమ్మ పోయాక ఆవిడ గుర్తుగా ఆ ఇంట్లో మిగిలింది ఆ మూకుడొక్కటే, ఇప్పుడు ఎంత డబ్బు పెట్టినా నాకు అది రాదు. మీకది వట్టి ఇనుము.

వాసు_రాజమండ్రి:
వట్టి ఇనుమని నేననలేదండి. మా అమ్మకి అరవై నాలుగు. ఇలాంటి పోస్టులే చదివి పన్నెండు అంగుళాలది నేనే కొనిచ్చాను. పెనమే మూడున్నర కేజీలు, కేక్‌తో కలిపితే నాలుగున్నర దాటుతుంది. ఓవెన్ లోంచి వంగి తీస్తుంటే మణికట్టు మడతపడింది, పెనం అంచు మోచేతి కింద ఆనుకుంది. నాలుగు వేళ్ళ పొడవున కాలింది. కేక్ నేల మీద పడింది, అమ్మ ముందు కేక్ పోయిందనే ఏడ్చింది. అంచు మాడితే గీకేసుకోవచ్చు. ఆ బరువు ఎవరు ఎత్తాలి అని ఒక్కరూ రాయరు, అందరూ వేడి గురించే రాస్తారు. నేనూ వేడి గురించే రాశాను, ఒప్పుకుంటున్నా.

శాంతి_గుంటూరు:
అయ్యో. నాకూ చెయ్యి లాగుతుందండి, అందుకే మాది ఎనిమిది అంగుళాలదే.

గోదారి_కమల:
ఇది మొదటే చెప్పాల్సింది వాసు గారూ. ఇప్పుడు ఆలోచిస్తే, అమ్మమ్మ వేడి మూకుడు ఎత్తడం నేనెప్పుడూ చూళ్ళేదు. అట్లకాడతో రొట్టెని ఎత్తేది, మూకుడు పొయ్యి మీదే చల్లారేది. మధ్యాహ్నం భోజనాలయ్యాకే తోమేది. నాకు ఇన్నాళ్ళూ అది తట్టలేదు. అయినా పెనం పనికిరాదంటే మాత్రం ఒప్పుకోను.

వాసు_రాజమండ్రి:
కేక్‌ని అలా అట్లకాడతో తీయలేం కదండీ. మా ఇంట్లో కేక్‌కి అల్యూమినియం టిన్నే. అమ్మ ఒంటి చేత్తో తీస్తుంది.

డాలస్_వంటిల్లు:
165లో పెట్టి, పుల్లకి ఒకటి రెండు తడి రేణువులు అంటుతుండగానే తీశాను. అంచు ఒక్క వేలు మందాన ముదురు రంగు, అదీ కారం లేని పకోడీలా కరకరలాడింది, మా అబ్బాయి అదే ముందు తిన్నాడు. పెనం తూచి చూశాను, రెండు కేజీల మూడొందలు. ఓవెన్ ర్యాక్ బయటికి లాగి రెండు చేతులకీ గ్లవ్స్ వేసుకుని తీశాను. ఇరవై నిమిషాల తర్వాత కూడా పిడి పట్టుకోలేకపోయాను. వాసు గారూ, అమ్మగారి చెయ్యి ఇప్పుడెలా ఉంది?

వాసు_రాజమండ్రి:
తగ్గిందండి, మచ్చ ఉంది. ఆ పెనం మీద ఇప్పుడు అట్లు నేను పోస్తున్నా.