జెర్సీనా, హెచ్ఎఫ్‌నా? మా నాయన సుడి చూస్తున్నాడు, నేను లీటర్లు చూస్తున్నా

పలమనేరు_కొత్తరైతు:
బెంగళూరులో ఏడేళ్లు ఉద్యోగం చేసి ఊరికొచ్చేశాను. రెండెకరాల పొలం, బోరు ఉన్నాయి. రెండు పాడి ఆవులు కొందామని పోయిన వారం నాయనతో సంతకు వెళ్లాను. నేను నల్లమచ్చల పెద్ద హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవు దగ్గర ఆగితే, ఆయన నా చెయ్యి పట్టి ఒక చిన్న ఎర్ర జెర్సీ క్రాస్ (జెర్సీ, నాటు కలిసిన సంకరం) దగ్గరికి లాక్కెళ్లాడు. నుదుటి సుడి (వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటు), నల్ల గిట్టలు, తోక కుచ్చు చూసి "ఇది నిలబడే ఆవురా" అన్నాడు. బ్రోకరేమో హెచ్ఎఫ్ పూటకు పది లీటర్లంటాడు. ఫోన్ తెరిస్తే అన్నీ పొట్టి పుంగనూరు ఆవుల వీడియోలే. అసలు మీరంతా ఆవులో ఏం చూసి కొంటారు?

ఆరావుల_అక్క:
తమ్ముడూ, నావి ఆరు. నాలుగు జెర్సీ క్రాస్, రెండు హెచ్ఎఫ్ క్రాస్. ఎందుకో లెక్క చెప్తా. పాల సెంటర్‌లో క్యాన్ ఎంత నిండిందని మాత్రమే చూడరు, ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే గట్టి పదార్థం) చూసి రేటు కడతారు. హెచ్ఎఫ్ రోజుకు 20 లీటర్లిచ్చి ఫ్యాట్ 3.5 వచ్చిందనుకో, జెర్సీ 14 లీటర్లే ఇచ్చి ఫ్యాట్ 5 వచ్చిందనుకో. వెన్న లెక్కన రెండూ 700 గ్రాములే. ఎస్ఎన్ఎఫ్ కూడా కలిపితే హెచ్ఎఫ్‌కు కొంత డబ్బు ఎక్కువే వస్తుంది, కాదనను. కానీ ఆ ఒళ్లు మేపాలి కదా. ఏప్రిల్‌లో బోరు తగ్గి గడ్డి వాడిపోయినప్పుడు నా హెచ్ఎఫ్‌లు రెండూ మధ్యాహ్నం నాలుక బయటపెట్టి రొప్పుతుంటాయి, జెర్సీలు చింతచెట్టు కింద నెమరేస్తుంటాయి.

ఇంక పొదుగు. దీన్లో నేను మోసపోయినదాన్ని, అందుకే చెప్తున్నా. ఒక ఆవును పొదుగు డప్పులా బిగిసి ఉందని చూసి కొన్నా. ముందురోజు సాయంత్రం పాలు పిండకుండా తోలుకొచ్చారని ఇంటికొచ్చాకే తెలిసింది. మొదటి పూట ఎనిమిది లీటర్లు, తర్వాత నాలుగు దాటలేదు. పాలు తీశాక పొదుగు ఖాళీ సంచిలా ముడతలు పడాలి. అది పడలేదు, నొక్కితే తొడ కండలా గట్టిగా తగిలింది. అదంతా కండ, పాలు కాదు. అందుకే పిండక ముందు కాదు, పిండాక చూడు. వరసగా మూడు పూటలు నీ కళ్ల ముందే పిండించుకో, మొదటి పూట లెక్కలోకి తీసుకోవద్దు. నాలుగు చన్నుల్లోనూ ధార సమానంగా రావాలి. పొట్ట కింద పాలనరం లావుగా, మెలికలు తిరిగి ఉండాలి. వేలాడే పొదుగు వద్దు, పేడలో తగిలి వాపొస్తే ఆ ఈత (కాన్పు) పాలు పోయినట్టే.

తిరుపతి_పశువైద్యం:
అక్క చెప్పినవి ముందు పాటించండి. హెచ్ఎఫ్ నెదర్లాండ్స్ వైపు చలిదేశపు జాతి. సంకర ఆవు రక్తంలో దాని వాటా ఎంత పెరిగితే మన ఎండకు అంత ఇబ్బంది పడుతుంది. సగం కంటే మరీ ఎక్కువ ఉన్నదాన్ని ఫ్యాను, షెడ్డు లేకుండా తేవద్దు. మూపురం, వేలాడే గంగడోలు, వదులు చర్మం మన జాతుల లక్షణాలు, ఎండకు తట్టుకుంటాయి. మన ఒంగోలు జాతిని బ్రెజిల్ వాళ్లు తీసుకెళ్లి నెలోర్ పేరుతో మాంసానికి పెంచుకుంటున్నారు. వాళ్లకు కావలసింది ఎండకు, పిడుదులకు ఆగే ఒళ్లు, పాలు కాదు.
నల్ల గిట్ట సంగతి: రంగు కన్నా నడక చూడండి, వెనక కాళ్లు ఎడంగా పడాలి. సుడికి పాలకూ సంబంధం లేదు. కానీ రేపు మీరు అమ్మేటప్పుడు అదే సుడి చూపించి ధర తగ్గిస్తారు, కాబట్టి మీ నాయన చూపు మరీ తీసిపారేయకండి.

మదనపల్లె_మావయ్య:
పుంగనూరు ఆవు నా దగ్గర ఒకటుంది. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, నా నడుము దాకా కూడా రాదు. కాస్త గడ్డితోనే బతుకుతుంది, పాలు చిక్కగా ఉంటాయి, మా ఇంటికి సరిపోతాయి. అంతే. సెంటర్‌కు పోయాలంటే వేరేది చూసుకో. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ ఢిల్లీలో తన ఇంట్లో వీటికి మేత పెడుతున్న ఫోటోలొచ్చాక అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ మోజుకు మూరెడు ఆవులన్నీ పుంగనూరే అని అమ్ముతున్నారు. కావాలంటే మీ పలమనేరులోనే పశు పరిశోధన స్థానం ఉంది, వెళ్లి అసలుది ఎలా ఉంటుందో చూడు.
ఇంకొకటి, చంద్రగిరి వైపు కనుమ పండగ పరుగుకు కోడెలను మేపేవాళ్లను అడిగితే పొదుగు ఊసే ఎత్తరు. వాళ్లకు కొమ్ము, మెడ, పరుగు.

పలమనేరు_కొత్తరైతు:
అక్కా, మీరు చెప్పినట్టే చేశాను. అమ్మేవాళ్ల ఇంటికి తెల్లారి నాలుగున్నరకే వెళ్లాం. జెర్సీ మూడు పూటల్లో రెండో పూట అయిదున్నర, మూడో పూట అయిదు. హెచ్ఎఫ్ పదో లీటరు కనబడనే లేదు, ఏడు దగ్గరే ఆగింది. పైగా తన్ని బకెట్టు బోర్లించింది. జెర్సీనే తీసుకున్నాం. ఇంకో ఆవునూ కొన్నాం, దానికి నడుం మీద చెడ్డ సుడి ఉందని నాయన మొహం అదోలా పెట్టి మూడు వేలు తగ్గించాడు. బండెక్కించాక అడిగితే, "పాలు బాగున్నాయి కదరా, ఇంక సుడిదేముంది" అన్నాడు.