నాన్న ఫోన్‌లో పెట్టిన హోమ్ స్క్రీన్ యాప్ నిలవడం లేదు, పర్మనెంట్‌గా ఉంచేదెలా?

తెనాలి_అమ్మాయి

నేను హైదరాబాద్‌లో ఉంటాను, అమ్మానాన్నలు తెనాలి దగ్గర ఊళ్లో ఉంటారు. నాన్నకి 72. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా చేయించాలి. ఫోన్‌లో ఆ చిన్న చిన్న బొమ్మలు కనపడక ఎవరికో చేయబోయి ఎవరికో చేస్తున్నారని, సంక్రాంతికి వెళ్లినప్పుడు పెద్దవాళ్ల కోసం చేసిన ఒక లాంచర్ యాప్ (అంటే ఫోన్ హోమ్ స్క్రీన్‌నే మార్చేసే యాప్) వేశాను. తెర మొత్తం ఆరే గళ్లు. పైన నా ఫోటో, తమ్ముడి ఫోటో, నొక్కితే చాలు కాల్ వెళ్తుంది. మధ్యలో అమ్మ, డాక్టరు గారు. కింద వాట్సాప్, టార్చి. అంతే. నాన్న ఎంత మురిసిపోయారంటే, అరుగు మీద కూర్చున్న వాళ్లందరికీ చూపించి వచ్చారు.

నేను హైదరాబాద్ వచ్చిన నాలుగో రోజు పక్కింటి వాళ్ల నంబర్ నుంచి కాల్. "అమ్మాయ్, ఫోన్‌లో మీరెవరూ లేరు" అన్నారు. చూస్తే మళ్లీ కంపెనీ వాళ్ల పాత హోమ్ స్క్రీనే వచ్చి కూర్చుంది. పక్కింటి ఇంటర్ అబ్బాయి చేత వీడియో కాల్‌లో మళ్లీ సెట్ చేయించాను, "ఎల్లప్పుడూ" అని నొక్కించాను కూడా. రెండు రోజులకి మళ్లీ పోయింది. ఇప్పటికి అయిదుసార్లు. ఆ అబ్బాయిని అడగాలంటే నాకే మొహమాటంగా ఉంది.

ఆండ్రాయిడ్ 12, మూడేళ్ల క్రితం కొన్న ఫోన్, కంపెనీ పేరు అనవసరం. 32 జీబీదే, వాట్సాప్ గుడ్ మార్నింగ్ ఫోటోలతో నిండిపోయి ఉంటే నేనే ఒక 64 జీబీ కార్డు కొని వేసి, కదిలే వాటినల్లా అందులోకి తోసేశాను. యాప్‌కి బ్యాటరీ పరిమితి తీసేశాను. ఇంకేం చేయాలి? దీన్ని పర్మనెంట్‌గా కూర్చోబెట్టే మార్గం ఉందా అసలు?

సెల్‌డాక్టర్_బెజవాడ

మేడమ్, ముందు "ఎల్లప్పుడూ" నొక్కడం వదిలేయండి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి పెట్టించండి. శాంసంగ్ అయితే యాప్స్‌లోకి వెళ్లి ఛూజ్ డిఫాల్ట్ యాప్స్, అందులో హోమ్ యాప్. రెడ్‌మీ, పోకో అయితే హోమ్ స్క్రీన్ అనే చోటే డిఫాల్ట్ లాంచర్ అని ఉంటుంది. మోటో, పిక్సెల్ లాంటివైతే యాప్స్, డిఫాల్ట్ యాప్స్, హోమ్ యాప్. ఫోన్ భాష తెలుగులో పెట్టి ఉంటే ఈ పేర్లు ఇంకోలా కనిపిస్తాయి, అప్పుడు సెట్టింగ్స్ పైనున్న వెతికే గడిలో హోమ్ అని కొట్టుకోవడం మేలు, తిరిగి తిరిగి విసిగిపోవడం కంటే.

ఆ తర్వాత ఆటోస్టార్ట్ అని ఒకటుంటుంది, కొన్ని కంపెనీల ఫోన్లలోనే. బ్యాటరీ పరిమితి తీసేసినా సరే, ఇది ఆఫ్‌లో ఉంటే యాప్ తనంతట తాను లేవలేదు. అదీ ఆన్ చేయించండి. మా షాపుకి ఈ కంప్లయింట్‌తో వచ్చేవాళ్లలో సగం మందికి దీంతోనే సరిపోతుంది.

రూట్‌రాజా

ఇంత గొడవెందుకండీ. కంప్యూటర్‌కి కలిపి ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే పనిముట్టు) కమాండ్‌తో కంపెనీ లాంచర్‌ని డిసేబుల్ చేసేయండి. వెనక్కి వెళ్లడానికి అదే లేకపోతే ఎక్కడికి పోతుంది? నేను నా ఫోన్‌కి అలాగే చేశాను. అయిదు నిమిషాల పని.

కోడ్_కాకి

అయ్యా రాజా గారూ, మీ ఫోన్ మీ చేతిలో ఉంది, పాడైతే మీరే చూసుకుంటారు. అక్క వాళ్ల నాన్నగారి ఫోన్ మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది.

అక్కా, దయచేసి ఆ పని చేయకండి. ఆండ్రాయిడ్ 9 నుంచి, ఇటీవల వాడిన యాప్‌లు వరసగా కనిపించే తెర ఉంటుంది కదా, దాన్ని కంపెనీ లాంచర్‌లోనే కలిపేశారు. లాంచర్‌ని ఆపేస్తే చాలా ఫోన్లలో ఆ తెర, వేలితో జరిపే జెస్చర్లు కూడా పనిచేయడం మానేస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, మీ యాప్ ఎప్పుడైనా క్రాష్ అయితే వెనకాల ఆదుకోవడానికి ఇంకోటి ఉండదు, నల్ల తెర చూస్తూ కూర్చోవాలి. పాత హోమ్ స్క్రీన్ మీకు శత్రువులా కనిపిస్తోంది గానీ నిజానికి అది స్టెప్నీ టైరు లాంటిది. పైగా ఏడీబీ కోసం డెవలపర్ ఆప్షన్స్ (ప్రోగ్రామర్ల కోసం సెట్టింగ్స్‌లో దాచి ఉంచే మెనూ) ఆన్ చేసి అలాగే వదిలేస్తే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు, పెన్షన్ పడిందో లేదో చూసుకునే రోజున ఇంకో తలనొప్పి.

అసలు సంగతి చెప్తాను. హోమ్ బటన్ నొక్కినప్పుడల్లా ఆండ్రాయిడ్ "హోమ్ పని చేసేవాళ్లు ఎవరున్నారు" అని వెతుకుతుంది. ఒకరి కంటే ఎక్కువ మంది ఉంటే మీరు ఎంచుకున్న దాన్ని పిలుస్తుంది. ఆ సమయానికి మీరు ఎంచుకున్నది దొరక్కపోతే మీ కోసం ఎదురుచూడదు, ఉన్నదాన్ని పిలిచేస్తుంది. అందుకని ఏ బటన్ నొక్కాలి అనేది తర్వాతి సంగతి, మీ యాప్ ఏ క్షణంలో దొరకడం లేదో ముందు అది పట్టుకోవాలి. ఎప్పుడు పోతోందో గమనించారా? పగలు వాడుతుండగానా, రాత్రి పూటా, ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడా? ఇది తెలియకుండా ఎన్ని సెట్టింగ్స్ మార్చినా చీకట్లో బాణాలే.

ఇందూరు_పోరడు

అక్కా ఇంకోటి కూడా చూడున్రి. మా బాపు ఫోన్ల గిట్లనే అయింది. ఎవలో చెప్తే దేవుడి వాల్‌పేపర్ల యాప్ ఒకటి వేసిండు, చూస్తే ఆ యాప్‌లనే ఒక లాంచర్ దాగి ఉన్నది. హోమ్ నొక్కినప్పుడల్లా "నన్ను డిఫాల్ట్ చెయ్" అని అడుగుడు, బాపు ఏదో ఒకటి నొక్కుడు. హోమ్ యాప్ లిస్టుల మీకు తెలియని పేరు ఏమన్నా ఉన్నదేమో చూడున్రి, ఉంటే తీసి పారేయున్రి.

కోడ్_కాకి

మంచి పాయింట్ తమ్ముడూ. పాత ఆండ్రాయిడ్‌లలో అయితే ఇంకా అన్యాయం, కొత్త లాంచర్ ఏదైనా ఫోన్‌లోకి వచ్చిందంటే చాలు, ముందు నొక్కిన "ఎల్లప్పుడూ" చెల్లకుండా పోయి మళ్లీ అడిగేది. ఆండ్రాయిడ్ 10 నుంచి హోమ్ అనేదాన్ని ఒక పదవిలా చేశారు, ఒకేసారి ఒక్క యాప్‌కే ఇస్తారు, కాబట్టి ఊరికే పోదు. అక్క ఫోన్ 12 కాబట్టి ఎవరో ఒకరు నొక్కితేనో, యాప్ కనపడకుండా పోతేనో తప్ప మారకూడదు.

ఈజీమోడ్_అభిమాని

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, అసలు వేరే యాప్ ఎందుకు? శాంసంగ్‌లో ఈజీ మోడ్ ఉంది, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తే బొమ్మలన్నీ పెద్దవైపోతాయి. అది కంపెనీ లాంచరే కాబట్టి జారిపోయే సమస్యే లేదు. మా అత్తగారు రెండేళ్లుగా వాడుతున్నారు. ఫోటోల గళ్లు అంత అందంగా రావు, అది ఒప్పుకుంటాను.

డాలస్_నుంచి

ఐఫోన్‌లో అయితే లాంచర్ మార్చడమే కుదరదు, యాపిల్ వాళ్లు రానివ్వరు. కానీ 2023లో ఐఓఎస్ 17తో అసిస్టివ్ యాక్సెస్ అని ఇచ్చారు, అచ్చం అక్క చెప్పినట్టే పెద్ద గళ్లు, మనం ఎంచిన మనుషులకే కాల్స్, బయటికి రావాలంటే పాస్‌కోడ్ కావాలి. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు అదే పెట్టాను. నాన్నగారి కోసం లక్ష పెట్టి ఐఫోన్ కొనమని చెప్పడం లేదు లెండి.

తెనాలి_అమ్మాయి

అందరికీ థాంక్స్. సెల్‌డాక్టర్ గారు చెప్పినట్టు సెట్టింగ్స్ నుంచే పెట్టించాను, ఆటోస్టార్ట్ కూడా ఆన్ చేయించాను, లిస్టులో తెలియని లాంచర్ ఏదీ లేదు. అయినా ఈ రోజు పొద్దున మళ్లీ పోయింది.

కాకి గారు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను పట్టుకుంది. ఎప్పుడు పోతోందని అమ్మని అడిగితే "పొద్దున్నే" అంది. పొద్దున్నే ఎందుకు అంటే, "రాత్రి తొమ్మిదింటికి మీ నాన్న ఫోన్ ఆపేసి దిండు కింద పెట్టుకుంటారు కదే" అంది, నాకు తెలియనట్టు! నాకు నిజంగానే తెలియదు. రాత్రంతా ఎందుకు వృథాగా వెలగాలి అని ఆయన లెక్క, లైటు ఆపినట్టు. ఆరుసార్లే ఎందుకు పోయింది మరి, రోజూ పోవాలి కదా అంటే, మధ్యలో ఎరువుల షాపు వాళ్లు ఫోన్ చేస్తామన్నారని కొన్ని రాత్రులు ఆపలేదట.

అంటే ఆపి మళ్లీ ఆన్ చేస్తేనే పోతోంది. నేను హైదరాబాద్‌లో నా ఫోన్‌లో అదే యాప్ వేసి నాలుగుసార్లు రీస్టార్ట్ చేశాను, ఒక్కసారి కూడా పోలేదు. మరి ఆయన ఫోన్‌కి ఏమైంది?

కోడ్_కాకి

అక్కా, మొదటి పోస్టులో మీరే చెప్పారు, నేనే సరిగ్గా చదవలేదు. "కదిలే వాటినల్లా కార్డులోకి తోసేశాను" అన్నారు. ఆ తోసినవాటిలో లాంచర్ కూడా ఉందా?

ఉంటే దొంగ దొరికినట్టే. ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు ముందు లోపలి స్టోరేజ్ సిద్ధమవుతుంది, మెమరీ కార్డు ఆ తర్వాత ఎక్కుతుంది. హోమ్ స్క్రీన్ కావాల్సిన క్షణానికి కార్డు ఇంకా ఎక్కకపోతే కార్డులో ఉన్న యాప్ ఫోన్ దృష్టిలో లేనట్టే లెక్క. హోమ్ ఖాళీగా ఉండకూడదు కాబట్టి కంపెనీ లాంచర్‌ని పిలిచి పదవి ఇచ్చేస్తుంది. తర్వాత కార్డు ఎక్కుతుంది, మీ యాప్ వస్తుంది, కానీ అప్పటికే కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు, లేవమనేవాళ్లు లేరు. విడ్జెట్లు ఉన్న యాప్‌లని, కీబోర్డులని కార్డులో పెట్టవద్దని ఆండ్రాయిడ్ వాళ్లు డెవలపర్లకి చెప్పేదీ ఇందుకే, కానీ అందరు డెవలపర్లూ అడ్డుకోరు, బటన్ కనిపిస్తే మనం నొక్కేస్తాం.

చేయాల్సింది ఇంతే. సెట్టింగ్స్‌లో యాప్స్, మీ లాంచర్, స్టోరేజ్, అక్కడ "మార్చు" నొక్కి ఇంటర్నల్ స్టోరేజ్ ఎంచుకోవాలి. తర్వాత ఒకసారి హోమ్ యాప్‌గా మళ్లీ పెట్టాలి, ఇది మర్చిపోకండి, కదిపినప్పుడు పదవి పోవచ్చు. చోటు కోసం గుడ్ మార్నింగ్ ఫోటోలని కార్డులోకి పంపండి, యాప్‌లని కాదు. ఆపైన అబ్బాయి చేత మీరు లైన్‌లో ఉండగానే ఫోన్ ఆపించి మళ్లీ ఆన్ చేయించండి, రెండుసార్లు.

షాపుట్యాబ్_సీను

మొదట్లో అక్క అడిగిన ప్రశ్నకి ఎవరూ నేరుగా జవాబు చెప్పలేదు, పర్మనెంట్‌గా పెట్టే మార్గం ఉందా అని. ఉంది. మా హోటల్లో ఆర్డర్లు తీసుకునే ట్యాబ్‌లకి అదే చేశాం. ఫోన్‌ని పూర్తిగా రీసెట్ చేసి, ఏ గూగుల్ అకౌంటూ కలపకముందే, డివైస్ ఓనర్ అనే హక్కు ఒక యాప్‌కి ఇస్తారు. ఆండ్రాయిడ్ 7 నుంచి వెల్‌కమ్ తెర మీద ఆరుసార్లు నొక్కితే క్యూఆర్ స్కానర్ వస్తుంది, దాంతో ఎక్కిస్తారు. ఆ హక్కు ఉన్న యాప్ హోమ్‌ని తాళం వేసి పెట్టగలదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లినా మార్చలేరు. ఇంకో మాట, దాన్ని తీయాలంటే సాధారణంగా మళ్లీ రీసెటే. మా వెయిటర్ల కోసం బాగుంది. ఇంట్లో నాన్నగారి ఫోన్‌కి ఇది పెట్టమని మాత్రం నేను అనను, వాట్సాప్‌లో ఉన్న పెళ్లి ఫోటోలు పోతే మీరే సమాధానం చెప్పుకోవాలి.

తెనాలి_అమ్మాయి

కాకి గారూ, అదే! లాంచర్ కార్డులోనే ఉంది. నా చేతులారా నేనే తోశాను, ఇన్ని రోజులూ ఫోన్‌ని తిట్టాను.

లోపలికి మార్పించి, హోమ్ యాప్‌గా పెట్టించి, లైన్‌లో ఉండగానే మూడుసార్లు ఆపించి మళ్లీ ఆన్ చేయించాను. ఉంది. రాత్రి నాన్న మామూలుగా ఆపేసి పడుకున్నారు. ఈ పొద్దున ఆరుంపావుకి నాకు కాల్, ఆయన నంబర్ నుంచే. "ఉన్నారు, ఇద్దరూ ఉన్నారు" అని పెట్టేశారు. ఇంకేం మాట్లాడలేదు.

పక్కింటి అబ్బాయికి ఈసారి వెళ్లినప్పుడు పూతరేకులు పట్టుకెళ్లాలి.

ఒక్క చిన్న డౌట్ మిగిలింది. ఆన్ చేశాక కాసేపు "ఫోన్ స్టార్ట్ అవుతోంది" అని ఖాళీ తెర వస్తోందట, ఆ తర్వాతే మా ఫోటోలు వస్తున్నాయట. ఆ కాసేపట్లో నాన్న కంగారుపడి బటన్లన్నీ నొక్కేస్తున్నారు. అది మామూలేనా?

కోడ్_కాకి

మామూలే అక్కా. ఫోన్‌లోని డేటా తాళం తెరుచుకునేదాకా మీ యాప్ లేవలేదు, ఆ ఖాళీలో కనిపించేది సెట్టింగ్స్‌కి చెందిన ఒక తాత్కాలిక తెర, నిజమైన హోమ్ రాగానే తప్పుకుంటుంది. ఏమీ నొక్కకుండా పది అంకెలు లెక్కపెట్టమనండి.

తెనాలి_అమ్మాయి

చెప్పాను. "అంతసేపు ఎవరు లెక్కపెడతారు, ఇక రాత్రి ఆపను లే" అన్నారు.