చర్చ: ఏడాదిన్నర దాటిన పిల్లకు రోజూ యాక్టివిటీ పెట్టాలా, దాని మానాన ఆడుకోనివ్వాలా?

రింగుల అమ్మ:
మా పాపకు ఇరవై నెలలు. పుల్లకు రింగులు ఎక్కించే బొమ్మ ఇస్తే పుల్ల వంక కూడా చూడదు. రింగులు చేతికి తొడుక్కుంటుంది, నేల మీద దొర్లిస్తుంది, నెత్తిన పెట్టుకుని నా వైపు చూసి నవ్వుతుంది. పక్కన కూర్చుని "ఇదిగో పెద్దది, ఇప్పుడు దానికన్నా చిన్నది" అని చూపిస్తూనే ఉన్నాను. రెండు ఎక్కించి లేచిపోతుంది. మా ఆయన "దాని మానాన దాన్ని వదిలెయ్" అంటారు. ఫోన్ తెరిస్తే చాలు, ఈ నెలకు ఈ ఆట, ఆ నెలకు ఆ ఆట అని వారం పట్టికలు. అవన్నీ చేయించాలా? నిజంగా తెలియకే అడుగుతున్నాను.

నిదానం:
మీ ఆయన మాట వినండి. దొర్లించడం, తొడుక్కోవడం, నెత్తిన నిలబెట్టడం కూడా ఆటే. మీరు ఒక పద్ధతి చూపించిన కొద్దీ తను కనిపెట్టేది తగ్గిపోతుంది. ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు. పిల్లలు ఎలా నేర్చుకుంటారో పరిశోధించే ఎలిజబెత్ బొనావిట్జ్ బృందం 2011లో ఒక ప్రయోగం అచ్చువేసింది. నాలుగు రకాల పనులు చేసే కొత్త బొమ్మ ఒకటి తయారుచేశారు. కొందరు పిల్లలకు "ఇది ఇలా పనిచేస్తుంది, చూడు" అని ఒక పని నేర్పారు. మరికొందరి ముందు అదే పని అనుకోకుండా జరిగినట్టు చేశారు. నేర్పించుకున్నవాళ్లు ఎక్కువగా ఆ ఒక్కదాని దగ్గరే ఆగిపోయారు. మిగతావాళ్లు బొమ్మను తిప్పి తిప్పి చూసి మిగిలినవీ కనుక్కున్నారు.

బొమ్మలపెట్టె:
"వదిలెయ్యండి" అనడానికి కష్టమేముందండీ! ఆ ప్రయోగంలో ఉన్నది నాలుగైదేళ్ల పిల్లలు. దాన్ని తెచ్చి ఇరవై నెలల పిల్లకు అంటగడితే ఎలా?

నేనూ ఒకటి చెప్తాను. జమైకాలో 1986–87లో మొదలైన కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారం వారం చిన్నపిల్లలున్న ఇళ్లకు వెళ్లారు. చేత్తో చేసిన బొమ్మలతో ఎలా ఆడించాలో, ఆడిస్తూ ఏం మాట్లాడాలో తల్లులకు చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన, ఆ సాయం అందని తోటివాళ్ల కంటే 25 శాతం ఎక్కువ. వదిలేస్తే జరిగేదా అది? నేను రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక మర్నాటి ట్రే సర్దుతాను. బట్టల క్లిప్పులు, మూతలు, స్పాంజి, రెండు గిన్నెలు. పెద్ద పనేం కాదు. ఇక రింగులంటారా, సైజు వరుస చూపించాల్సిందే. పెద్ద, చిన్న అన్న తేడా తెలిసేది అక్కడే.

గోడ మీద పిల్లి:
రింగుల కోసం ఇంత రభసా! మా వాడు పుల్ల పీకి డ్రమ్ము వాయించేవాడు.

నిదానం:
బొమ్మలపెట్టె గారూ, జమైకాలో వాళ్లు ఎంచుకున్నది పోషణ అందక ఎదుగుదల ఆగిన పిల్లల్ని. ఆ ముక్క దాచేసి 25 శాతం మాత్రం చెప్తే ఎలా? పైగా అక్కడ తల్లులకు నేర్పింది ట్రే సర్దడం కాదు, పిల్లతో మాట్లాడటం, చేసినదానికి మెచ్చుకోవడం. అమెరికాలోని టొలీడో యూనివర్సిటీవాళ్లు 2018లో ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లల్ని చూశారు. గదిలో పదహారు బొమ్మలుంటే ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి పోయారు, నాలుగే ఉంటే ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారు. సైజు వరుస సంగతి సరే, చాలామందికి అది రెండేళ్లు దాటాకే వస్తుంది.

బొమ్మలపెట్టె:
వరుస ఇప్పుడే రావాలని నేనన్నానా? చూపించాలి అన్నాను. చూపించకపోతే రెండేళ్లకైనా ఎలా వస్తుంది?

నిదానం:
నడక ఎవరు చూపిస్తే వచ్చింది?

బొమ్మలపెట్టె:
దానికీ మన సాయం కావాలి. ఇంకా పాకని పసివాళ్లను మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తంలో కనీసం 30 నిమిషాలు బోర్లా ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అదీ వదిలెయ్యమంటారా?

నిదానం:
ఏడాది నిండనివాళ్లకు స్క్రీన్ అసలు వద్దని రాసింది కూడా అందులోనే. వారం పట్టికల వీడియోలు పిల్లను ఒళ్లో పెట్టుకుని చూసేవాళ్లు ఎంతమందో మరి.

రాత్రి షిఫ్ట్ నాన్న:
మీ గొడవ మధ్యలో ఒక మాట. ట్రేలో మూతలు అన్నారు. టాయిలెట్ పేపర్ రోల్ మధ్యలో ఉండే అట్ట గొట్టంలోంచి జారిపోయేంత చిన్న వస్తువేదీ మూడేళ్లలోపు పిల్లలకు ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడుతుంది. బటన్ సెల్ ఉన్న బొమ్మలైతే ఆ మూత స్క్రూతో బిగించి ఉందో లేదో చూడండి. ఆ సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు, ఆగకుండా ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే.

బొమ్మలపెట్టె:
నా మూతలన్నీ అరచేయంత ఉంటాయి, థాంక్స్.

నిదానం:
ఉన్నమాట చెప్పనా? ఈ ట్రేలు సగం పిల్లల కోసం కాదు, ఫొటోల కోసం. రంగు రంగుల మూతలు సర్ది, వెలుతురు చూసుకుని, పిల్ల చెయ్యి పెట్టకముందే ఫొటో తీస్తారు. పిల్ల వచ్చి అన్నీ కిందికి నెట్టేస్తే "ఈరోజు మూడ్ లేదు" అని రాస్తారు. మూడ్ లేకపోవడం కాదండీ, దానికి నెట్టడమే ఆట.

బొమ్మలపెట్టె:
ఫొటోలా? నేను ఈ వేదికలో ఒక్క ఫొటో పెట్టానా, వెతికి చూపించండి.

ఇంతవరకూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను. మా పెద్దవాడు రెండేళ్లకు కూడా మాట్లాడలేదు. పిలిస్తే ఒక్కోసారి తిరిగేవాడు, ఒక్కోసారి లేదు. మా అత్తగారు, మా అమ్మ, పక్కింటివాళ్లు, చూపించిన డాక్టరు, అందరిదీ మీ మాటే. వదిలెయ్యండి, మగపిల్లలు లేటుగా మాట్లాడతారు, వాడి మానాన వాడు ఆడుకుంటున్నాడుగా అని. నిజమే, ఒక్కడే కూర్చుని గంటలు గంటలు ఆడుకునేవాడు, బుద్ధిమంతుడని మెచ్చుకునేవాళ్లు. మూడేళ్లు దాటాక వినికిడి లోపం అని తేలింది. అందుకే చిన్నదాని ముందు రోజూ ట్రే పెడతాను. పక్కన కూర్చుంటే ఏది విని తిరుగుతుందో, ఏది చూస్తుందో నాకు కనపడుతుంది. మీకిది ఫొటో పిచ్చిలా కనిపిస్తే కనిపించనివ్వండి.

గోడ మీద పిల్లి:
అయ్యో.

నిదానం:
మీ బాబు సంగతి నాకు తెలియదు. అది విన్నాక ఫొటోల మాట మీకు వర్తించదని ఒప్పుకుంటాను. కానీ మీకు ఎవరూ పట్టించుకోకపోవడం తగిలింది, నాకు అందరూ పట్టించుకోవడం తగిలింది. ఉద్యోగంలో మళ్లీ చేరాక సాయంత్రం ఇల్లు చేరేసరికి ఫోన్ నిండా వీడియోలే. మా ఆడపడుచు పంపేది, మా పిన్ని పంపేది. "ఇవాళ ఏం చేయించావ్?" పిల్లాడికి నా ఒడి కావాలి, నేనేమో నేల మీద క్లిప్పులు పరిచి "రా నాన్నా, ఎర్రవి ఇక్కడ పెట్టు" అని లాగేదాన్ని. వాడు ఏడిస్తే నాకే ఏదో చేతకావడం లేదనుకుని ఇంకో వీడియో చూసేదాన్ని. వాడు రంగుల పేర్లు లేటుగా చెప్తే అదీ నా ఉద్యోగం వల్లే అన్నారు. ఆ వీడియోల్లో ఒక్కటి కూడా మా ఆయన ఫోనుకు రాలేదు.

రాత్రి షిఫ్ట్ నాన్న:
నాన్నలందరినీ ఒకే గాటన కట్టకండి. పగలంతా మా పాపను చూసుకునేది నేనే.

నిదానం:
మంచిదండీ. మరి మీకు ఎవరైనా వారం పట్టిక పంపారా?

రాత్రి షిఫ్ట్ నాన్న:
లేదు. మా ఆవిడకు పంపుతారు. తను ఆఫీసు నుంచి నాకు ఫార్వర్డ్ చేస్తుంది.

బొమ్మలపెట్టె:
పట్టిక ఎవరికొచ్చింది అన్నది ఇంకో గొడవ. నా భయం అది కాదు. రేపు ఎవరైనా పిలిస్తే పలకని పిల్ల గురించి ఇక్కడికొచ్చి అడిగితే, మీరు ఇలాగే "వదిలెయ్యండి" అంటారు.

మాటల పనిలో:
స్పీచ్ థెరపీలో పని చేస్తాను. రింగుల వరుస చూసి మేం ఏదీ తేల్చం. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ, ఏ వయసుకు పిల్లలు ఏం చేస్తారో చెప్పే జాబితాను 2022లో సవరించింది. అందులో నూటికి 75 మంది లేదా అంతకన్నా ఎక్కువ పిల్లలు ఆ వయసుకు చేస్తారనుకునేవే ఉంచారు. ఏడాదిన్నరకు అమ్మ, నాన్న కాకుండా మూడు మాటలైనా అనడానికి ప్రయత్నించడం, వింతగా అనిపించినదాన్ని మనకు వేలుతో చూపించడం అందులో ఉన్నాయి. రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనడం. ఇవి లేకపోయినా, పిలుపుకు తిరగకపోయినా ముందు వినికిడి పరీక్ష చేయించండి. పుట్టినప్పుడు చేసిన పరీక్ష బాగానే వచ్చినా సరే, లోపం తర్వాత కూడా రావచ్చు. ట్రే పెట్టినా పెట్టకపోయినా ఈ పరీక్ష ఆగకూడదు.

ఇక మొదటి పోస్టులో మీరెవరూ పట్టించుకోని ముక్క ఒకటుంది. రింగు నెత్తిన పెట్టుకుని అమ్మ వైపు చూసి నవ్వడం. తన ఆటలోకి అమ్మను పిలుస్తోంది. అప్పుడు మీరూ ఒక రింగు నెత్తిన పెట్టుకోండి.

రింగుల అమ్మ:
వేలుతో చూపిస్తుంది, రోజంతా అదే పని. మాటలు పది దాకా ఉన్నాయి. హమ్మయ్య. ఇప్పటిదాకా రింగు తీసి పుల్లకు పెట్టేదాన్ని, నెత్తిన పెట్టుకోవాలని తట్టనే లేదు.

బొమ్మలపెట్టె:
వినికిడి పరీక్ష మాట నిదానం గారు మొదట్లోనే ఒక్క వాక్యం రాసుంటే నాకింత కోపం వచ్చేది కాదు. అయినా వరుస చూపించడం మాత్రం మానను.

నిదానం:
అడిగింది రింగుల గురించి, చెవుల గురించి నేనెందుకు రాస్తాను? మిమ్మల్ని మానమని ఎవరన్నారు? రింగుల అమ్మ గారికి చెప్పాను.

రింగుల అమ్మ:
నన్ను మధ్యలోకి లాగకండి. ఈ థ్రెడ్ మొత్తం మా ఆయనకు పంపాను. రేపటి నుంచి సాయంత్రం నేల మీద కూర్చునే వంతు ఆయనదే.

గోడ మీద పిల్లి:
ఏమన్నారు?

రింగుల అమ్మ:
"ఇంత చదివే టైం లేదు, ఏం చేయాలో రెండు ముక్కల్లో చెప్పు" అన్నారు.