టేకు తెడ్డు రోకలిలా ఉంది, ఎక్కడ తగ్గించాలి?

ప్రశ్న: విజయవాడలో, భవానీ ద్వీపం వైపు కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నడుపుతుంటాను. పాత ద్వారబంధం టేకుతో గ్రీన్‌లాండ్ తరహా తెడ్డు, అంటే రెండు చివర్లా సన్నటి రెక్కలుండేది, చెక్కాను. పొడవు బార, పైన మూర. అక్కడివారి కొలతా మన తాతల లెక్కే! రెండు ఆదివారాలు చిత్రిక పట్టినా బరువు దిగలేదు. నిన్నయితే ఎడమ అంచున గోరంత పేడు లేచింది.

జవాబు: చివర్లు పలుచన చేయండి, భుజాలను లాగేది ఆ బరువే. నడుమ వెన్ను మాత్రం ముట్టుకోకండి, విరుగుతుంది. పేడు లేచిందంటే నారకు ఎదురు తోశారు. అవతలి వైపు నుంచి పట్టండి.

మరొకరు: ఈసారి ముడులు లేని దేవదారు తీసుకోండి, టేకు కంటే తేలిక. పిడికి వార్నిష్ వద్దు, తడిస్తే జారుతుంది. అవిసె నూనె పట్టించండి.

అడిగినవారు: నూనె ఉంది. దేవదారు కొంటే ఇంట్లో ఒప్పుకోరు. ద్వారబంధం గొడవే ఇంకా చల్లారలేదు.